హనుమయ్య కట్టిన తోరణం

గుమ్మానికి ఎవరైనా మామిడాకుల తోరణం కడతారు. హనుమయ్య తన వెల్డింగ్ షాపు గుమ్మానికి ఇనప ముక్కల తోరణం కట్టాడు. అవన్నీ పక్కవాళ్ళు పాడుచేసిన అతుకులు. ఏ బండికైనా ఎవడో చేసిన చెత్త వెల్డింగు ఊడదీయాల్సి వస్తే, ఆ ముక్కని కోసి, బెజ్జం పెట్టి, చేసినవాడి పేరు తెల్లరంగుతో హిందీలో రాసి తీగకి వేలాడదీస్తాడు. తీగకి కట్టేది మాత్రం బండి యజమానే. ఆ రోజు గల్లీలో అందరికీ హనుమయ్య ఖర్చుతో టీ.

ఢిల్లీలో జనక్‌పురి నుంచి మాయాపురి వైపు వెళ్ళే దారిలో, మెట్రో స్తంభాల వెనకాల ఉంటుంది ఆ గల్లీ. తోరణంలో మొత్తం పద్నాలుగు ముక్కలు. కొత్తగా వచ్చిన లారీవాళ్ళు వాటిని చదువుకుంటూ నవ్వుకునేవాళ్ళు. "ఇంతమందిని వేలెత్తి చూపిస్తున్నాడంటే వీడెంత పనిమంతుడో" అనుకుని బండి లోపల పెట్టేవాళ్ళు. హనుమయ్యకి కావలసిందీ అదే. గురివింద గింజ తన కింద నలుపెరగదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పని వచ్చినవాడే. ఇరవై రెండేళ్ళ వయసులో చీరాల నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వ వర్క్‌షాపులో వెల్డరుగా చేరాడు. సరోజినీ నగర్ క్వార్టర్లో కాపురం పెట్టాడు. తెలుగు వింటుంది కానీ జవాబు హిందీలో చెప్పే కూతుర్ని పెంచి పెళ్ళి చేశాడు. పన్నెండేళ్ళ కిందట వీఆరెస్ తీసుకుని ఈ షాపు తెరిచాడు. పని ముగించిన ప్రతిసారీ ఉలిలాంటి పంచ్ తీసుకుని అతుకు పక్కనే సుత్తితో మూడు చుక్కలు కొట్టడం అతని అలవాటు. దాన్ని "బొట్టు పెట్టడం" అంటాడు. ఆ పంచ్ మొన ఓ పక్క విరిగింది. అందుకని ప్రతి చుక్కకీ చిన్న తోక పడుతుంది. అలాంటి చుక్క ఢిల్లీ మొత్తంలో ఇంకెవరూ కొట్టలేరు.

ఆ శనివారం పొద్దున కమలాకుమారి తన చిన్న లారీ తెచ్చి షాపు ముందు ఆపింది. జనక్‌పురిలో పెద్ద వంటిల్లు నడుపుతుందామె. గురుగ్రామ్ ఆఫీసులకి మధ్యాహ్నం భోజనాలు పంపిస్తుంది. బండి సెకండ్ హ్యాండ్‌ది, కొని రెండు నెలలైంది. తెల్లరంగు వేయించి, పక్కన అరిటాకు బొమ్మ గీయించింది.

"అన్నయ్యగారూ, వెనక బంపర్ చూడండి. ఛాసిస్‌కి అతికించేశారట. ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళితే, ఇది పీకేసి బోల్టులతో కొత్తది వేయించుకు రమ్మన్నారు. సోమవారం నా సాంబారు గుర్గావ్ చేరకపోతే మంగళవారానికి వాళ్ళు పిజ్జాలు మరుగుతారు. తర్వాత నేనెవరో, వాళ్ళెవరో!"

"నీ సాంబారుకి నేను పూచీ," అని హనుమయ్య అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాడు. అక్కణ్ణించే మొదలెట్టాడు వ్యాఖ్యానం. గల్లీకి వినపడాలి కదా మరి.

"ఎడంవైపు చేసినవాడు బుద్ధిమంతుడమ్మా. బోల్టులు వేశాడు, వాషర్లు కూడా పెట్టాడు. వాడి చెయ్యి చల్లగుండ! కుడివైపు వాడున్నాడే, వాడు వెల్డరు కాదు, చీమిడి తుడిచి పోయాడు. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. దాన్ని అలా కాల్చి అతికిస్తే, కాలిన చోట పెళుసెక్కి పక్కనే చీలుతుంది. ఈ మాత్రం తెలీని గాడిద చేతికి రాడ్డు ఎవడిచ్చాడో!"

కమలాకుమారి పకపకా నవ్వింది. "పేరు కనుక్కోండి. మీ తోరణానికి నేనే కడతాను."

టీకొట్టు దీపు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్ళొచ్చినా గల్లీకంతా వాడు దీపే. "కొత్త ముక్కా భయ్యా? కెటిల్ పెట్టెయ్యనా?"

"పెట్టు, పెట్టు," అన్నాడు హనుమయ్య.

బ్యాటరీ తీగ ఊడదీశాడు. డీజిలు పైపు మీదా వైర్ల మీదా తడిపిన గోనెపట్టాలు కప్పాడు. బంపర్ ఒక్కసారిగా కాళ్ళ మీద పడకుండా కింద జాకీ పెట్టాడు. ఇక గ్రైండర్ పట్టుకోవడమే. అయితే బ్లేడు అతుకుని కోయాలి గానీ ఛాసిస్‌ని కొరక్కూడదు. అందుకని అతుకు అంచు ఎక్కడుందో కనపడేలా పైనున్న తెల్లరంగూ, దాని కింద తారూ ఇనప బ్రష్‌తో గీకడం మొదలెట్టాడు.

నాలుగు రుద్దులు రుద్దేసరికి ఒక చుక్క కనిపించింది. దానికో తోక. ఇంకో రెండు రుద్దులకి ఇంకో చుక్క. మూడోది కనిపించకముందే హనుమయ్య బ్రష్ ఆపేశాడు. మూడోది ఎక్కడుంటుందో అతనికి తెలుసు.

తల కొట్టేసినట్టయింది. ఎండలోకి ఉన్నది కాళ్ళే కాబట్టి సరిపోయింది, మొహం బయటుంటే గల్లీ మొత్తం చూసేది.

అన్నీ గుర్తొచ్చాయి. ఏడేళ్ళ కిందటి ఉగాది. తెలుగు సంఘం వాళ్ళ పందిరికి ఇనప చట్రం ఉచితంగా చేసిచ్చాడని ఆ సాయంత్రం స్టేజి మీద శాలువా కప్పుతామన్నారు. కొత్త చొక్కా వేసుకుని షాపు మూయబోతుంటే ఓ లారీ వచ్చింది. అప్పుడు బండి నీలంరంగు. బంపర్ వేలాడుతోంది. బెజ్జాలు పెట్టి, బ్రాకెట్లు చేసి, బోల్టులు బిగించాలంటే మూడు గంటల పని. తిన్నగా అతికిస్తే ఇరవై నిమిషాలు. శాలువా ఆరింటికి. చొక్కా మీద రవ్వలు పడకుండా గోనెసంచి కట్టుకుని రెండువైపులా అతికించి పారేశాడు. అంత దరిద్రంగా చేసి కూడా, చెయ్యి అలవాటు కొద్దీ బొట్టు మాత్రం పెట్టాడు. ఆ శాలువా కప్పుకున్న ఫోటో ఇప్పటికీ షాపు గోడ మీద ఉంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. సిగ్గు పడేవాడు, గీకేవాడు, మర్చిపోయేవాడు. కానీ ఇదే బండి రెండేళ్ళ కిందట మళ్ళీ వచ్చింది, ఎడంవైపు అతుకు సగం ఊడి. కొత్త డ్రైవరు. "ఈ గల్లీలోనే ఎవరో చేశారట" అన్నాడు. గల్లీలో వెల్డింగ్ షాపులు అప్పుడు రెండే. ఒకటి హనుమయ్యది, రెండోది ఎదురుగా యాసీన్ సైఫీది. "నేను కాకపోతే వాడే కదా" అనుకున్నాడు హనుమయ్య. తారు గీకి చూడాలన్న ఆలోచనే రాలేదు. చూడ్డమెందుకు, తను చెత్తపని చేస్తాడా? ఎడంవైపు అతుకు కోసి, బుద్ధిగా బోల్టులు వేశాడు. ఇందాక మెచ్చుకున్న బోల్టులూ తనవే. కుడివైపు సంగతి తర్వాత చూద్దామని డ్రైవరు వెళ్ళిపోయాడు. కోసిన ముక్క మీద 'యాసీన్' అని రాసి తోరణానికి కట్టించాడు.

ఆ రోజు యాసీన్ రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో టోపీ నలుపుకుంటూ, "హనుమయ్యా భాయ్, ఏ మేరా కామ్ నహీ హై. ఇది నా పని కాదు, తీసెయ్యి," అన్నాడు. దీపు టీ గ్లాసులు పంచుతున్నాడు. పదిమంది నిలబడి ఉన్నారు. అంతమంది ఉంటే హనుమయ్య నాలుక ఊరుకుంటుందా?

"టాంకా ఝూఠ్ నహీ బోల్తా, భాయ్! మనిషి అబద్ధమాడతాడేమో గానీ అతుకు అబద్ధమాడదు!"

జనం గొల్లుమన్నారు. రెండు షాపులూ ఎదురుబొదురుగానే ఉండేవి. వచ్చిన ప్రతి లారీవాడూ ముందు తోరణం చదివేవాడు, తర్వాత ఎదురుగా ఉన్న బోర్డు చదివేవాడు. ఆరు నెలలు తిరక్కుండా యాసీన్ వెల్డింగ్ మిషను అమ్మేశాడు. ఇప్పుడు గల్లీ మొదట్లో టార్పాలిన్ పట్టా కింద కూర్చుని పంక్చర్లు వేస్తాడు. హనుమయ్య స్కూటర్ రోజూ అతని ముందునుంచే పోతుంది.

"అన్నయ్యగారూ! నిద్రపోయారా ఏమిటి?" కమలాకుమారి వంగి చూసింది.

"లేదమ్మా... అంచు చూస్తున్నా."

గ్రైండర్ ఆన్ చేశాడు. రవ్వలు మొహం మీదికి ఎగిరాయి. అతుకు తెగింది. బంపర్ జాకీ మీదికి దిగింది. చెప్పినట్టే, అతుకు చివరి నుంచి ఛాసిస్‌లోకి వేలెడు పొడవున సన్నని చీలిక పాకి ఉంది. ఆమె బండిలో రోజూ మనుషులు తిరుగుతున్నారు, మరిగే సాంబారు డబ్బాలు తిరుగుతున్నాయి.  అది చూసి కూడా హనుమయ్య ఏం చేశాడయ్యా అంటే, డబ్బాలోంచి గ్రీజు తీసి, కోసిన ముక్క మీది మూడు చుక్కలకీ దట్టంగా పులిమాడు. చెప్పుకోడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ చేశాడు.

బయటికి రాగానే కమలాకుమారి చెయ్యి చాపింది. "ఏదీ, ఆ మహానుభావుడి ముక్క! పేరేంటి?"

"తెలీదమ్మా," అన్నాడు.

దీపు ముక్క అందుకుని తిప్పి చూశాడు. తోరణం వైపు చూశాడు. వాడి కళ్ళు పాడుగాను! "అరే, దీని జోడీ ఇదిగో! అదే బంపర్ పైపు, అదే నీలంరంగు. ఇదీ యాసీన్‌దే భయ్యా. రెండువైపులా తగలేశాడన్నమాట!"

"అచ్ఛా, ఆ పంక్చర్ ఆయనేనా?" అంది కమలాకుమారి. "మొన్న మా బండి టైరుకి ఆయన చేతే గాలి కొట్టించానే! అమ్మో, పంక్చర్ కూడా ఇలాగే వేస్తాడో ఏమిటో, ఇంక ఆ వైపు పోను."

"అతను కాదు" అన్న ఒక్క మాట. పెదవి కదిపితే చాలు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు హనుమయ్య. కమలాకుమారి స్టూలెక్కి, యాసీన్ పేరున్న ముక్క పక్కనే రెండోది కట్టింది. చప్పట్లు కొట్టారు. టీ వచ్చింది. గ్లాసు అందుకుని తాగాడు కూడా. చప్పట్లు విని గల్లీ మొదట్లో యాసీన్ తలెత్తి చూశాడు, తన పేరున్న తీగ వంక చూశాడు, మళ్ళీ టైరు మీదికి వంగాడు. ఆ చూపు ఎవరి మీదా పడలేదు. 

చీలిక చివర బెజ్జం పెట్టాడు, ఇంకా పాకకుండా. "లోపలివైపు ప్లేటు వేసి బోల్టులు బిగించాలమ్మా, కొత్త బంపరూ రేపే. బండి ఇక్కడే ఉంచు," అని ఆమెని పంపించేశాడు. ఇంటికెళ్ళాక భార్య అన్నపూర్ణేశ్వరి రెండుసార్లు ఒంట్లో ఎలా ఉందని అడిగింది. ఆ రాత్రి సంగతి ఎందుకులెండి.

ఆదివారం పొద్దున్నే షాపు తెరిచి, ముందు తోరణంలోని ఎడంవైపు ముక్క దించాడు. పేరు లేని పక్కన తారు గీకాడు. ఒకటి, రెండు, మూడు. తోకలతో సహా ఉన్నాయి. రెండేళ్ళుగా గుమ్మానికి వేలాడుతూ తన నెత్తి మీదే ఊగుతున్నాయి. యాసీన్ పేరు మీద నల్లరంగు పూసి, రెండు ముక్కల మీదా తెల్లగా 'హనుమయ్య' అని రాసి, యథాస్థానంలో కట్టాడు. హమ్మయ్య అనుకున్నాడు. చెప్పేసినట్టే కదా! నోటితో చెప్పే అవస్థ తప్పింది.

తప్పిందా? పదింటికి దీపు వచ్చి చదివాడు. హనుమయ్య భుజం తట్టాడు.

"వాహ్ భయ్యా! యాసీన్ పేదోడని జాలిపడి వాడి తప్పు నీ మీద వేసుకున్నావా? ఎంత పెద్ద మనసు!"

"కాదురా దీపూ, అది నా పనే."

"ఠీక్ హై, ఠీక్ హై," అని కన్నుకొట్టి వెళ్ళి నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురూ వచ్చి చూసి చేతులు జోడించారు. ఇంతలో కమలాకుమారి క్యారియర్లో పులిహోర పట్టుకుని దిగింది. ఆమెకి దీపు అప్పటికే పురాణం వినిపించాడు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"అన్నయ్యగారూ, మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారంటే... నిన్న నేను ఆయన్ని అంతలేసి మాటలన్నానని మీరు బాధపడ్డారు, అవునా? ఒకరి తప్పు కడుపులో పెట్టుకోవడం అందరి వల్లా కాదండీ."

హనుమయ్యకి ఒళ్ళు మండింది. నిజం చెబితే తన గౌరవం పోవాలి కదా, ఇదేమిటి, పెరుగుతోంది! ఇన్నేళ్ళలో తన నోటికి అంత విలువ వచ్చింది మరి. యాసీన్ నిజం చెబితే అబద్ధమైంది. ఇతను నిజం చెబితే దానధర్మమైంది. నిన్న మౌనంగా ఉన్నందుకంటే ఇవాళ పొగిడించుకుంటున్నందుకు ఎక్కువ సిగ్గేసింది. ఇంకో క్షణం ఊరుకుంటే ఆ పులిహోర కూడా తినాల్సి వస్తుంది.

"ఆపండి!" అని అరిచాడు. అందరూ ఉలిక్కిపడ్డారు.

రెండు ముక్కలూ తెంపి, నిన్నటిదాని మీది గ్రీజు తుడిచాడు. కాలి దగ్గరున్న కొత్త ప్లేటు తీసుకున్నాడు. జేబులోంచి పంచ్ తీసి, అందరూ చూస్తుండగా ప్లేటు మీద సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. మూడు చుక్కలు, మూడు తోకలు. మూడింటినీ పక్కపక్కన పెట్టి కమలాకుమారి చేతికిచ్చాడు.

"చూడమ్మా. ఈ పంచ్ నాది. దీని మొన విరిగి పద్దెనిమిదేళ్ళు. నీ బండికి ఆ దరిద్రపు అతుకు వేసింది నేను. శాలువా కప్పించుకునే తొందరలో వేశాను. నిన్న చూసి కూడా గ్రీజు పూసి దాచాను. యాసీన్ ఏ పాపమూ ఎరగడు."

ఆమె చుక్కలు చూసింది. వేలితో తడిమింది. ఇంకోసారి చూసింది. మొహంలోని తడి ఆరిపోయింది. క్యారియర్ తీసి చంకలో పెట్టుకుంది.

"నిన్న స్టూలెక్కించి నా చేతే కట్టించారే," అంది మెల్లిగా. "మరి నా బండి మీకెలా వదలనండీ?"

"వదలొద్దు. చూడాల్సినవాడు చూసి సరేనంటేనే కదులుతుంది."

గల్లీ మొదటికి నడిచాడు. వెనకే కమలాకుమారి, దీపు, ఆ నలుగురు. నూరు అడుగులు ఉండదు ఆ దూరం. రెండేళ్ళలో ఒక్కసారీ నడవలేదు. యాసీన్ ట్యూబుకి గాలి కొడుతున్నాడు. హనుమయ్య రెండు ముక్కలూ అతని ముందు పెట్టాడు.  యాసీన్ చుక్కలు చూశాడు. ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని లేచాడు.

"బండి ఎక్కడ?" అన్నాడు హిందీలో.

వచ్చి, అట్టముక్క మీద పడుకుని, టార్చి వేసుకుని చాలాసేపు చూశాడు. కిందనుంచే అన్నాడు: "నువ్వు పెట్టిన బెజ్జం దాటి చీలిక ఇంకో అంగుళం పోయింది. కనపళ్ళేదా?"

హనుమయ్య పక్కన దూరి చూశాడు. పోయింది. నిన్న గ్రీజు పూసే కంగారులో సరిగ్గా చూడలేదు. యాసీన్ చూపించిన చోట ఇంకో బెజ్జం పెట్టాడు, చూపించినంత పెద్ద ప్లేటు కోశాడు. కొత్త బంపర్‌కి బ్రాకెట్లు, ఎనిమిది బోల్టులు. ఒక్కో బోల్టూ హనుమయ్య బిగిస్తే యాసీన్ పానా పెట్టి సరిచూశాడు. రెండు గంటల్లో ఇనుము గురించి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి లేచి, "ఇక పోవచ్చు దీదీ," అన్నాడు కమలాకుమారితో. హనుమయ్య అలవాటుగా జేబులోని పంచ్ మీద చెయ్యి వేశాడు. తీయలేకపోయాడు.

"యాసీన్ భాయ్," అన్నాడు, "మిషను... నా షాపులో రెండున్నాయి. నువ్వొచ్చి..."

"నా కళ్ళు ఇప్పుడు ఆ మిషను వెలుగు చూడలేవు. అలవాటు తప్పిపోయింది," అన్నాడు యాసీన్. మళ్ళీ వెళ్ళి తన పట్టా కింద కూర్చున్నాడు. హనుమయ్య కూడా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. మాఫీ అడగాలని నోరు తెరిచాడు. యాసీన్ చెయ్యెత్తి ఆపాడు.

"అదొద్దు. ఆ రోజు ఒక మాటన్నావు, టీ తాగుతూ. అది ఇంకోసారి అను."

ఏ మాటో హనుమయ్యకి తెలుసు. దీపుకీ తెలుసు, వాడు తల దించుకున్నాడు. గల్లీని గడగడలాడించిన ఆ గొంతు పిల్లి గొంతయింది.

"అతుకు అబద్ధమాడదు."

"వినపళ్ళేదు. ఆ రోజు అందరికీ వినపడింది."

"టాంకా ఝూఠ్ నహీ బోల్తా!" అని గట్టిగా అన్నాడు హనుమయ్య. ఎదురుగా సైకిలు మీద పోతున్నవాడు ఆగి చూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది అనిపించింది హనుమయ్యకి.

యాసీన్ సరేనన్నట్టు తలూపి, ట్యూబు తొట్టి నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో వెతుక్కున్నాడు. కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. హనుమయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.